హైస్కూల్ సెక్యూరిటీ: గేటు దగ్గర మనిషికి ఏ పని అప్పజెప్పాలె, ఏది అప్పజెప్పొద్దు

మేడం, మీరు అడిగింది మొత్తం చదివిన. మీది హనుమకొండ దగ్గర ప్రైవేట్ హైస్కూల్, ఆరు నుంచి పది దాక ఏడు వందల మంది పిల్లలు, మీరు కొత్తగ ప్రిన్సిపాల్‌గ చేరిన్రు. మేనేజ్‌మెంట్ వాళ్ళేమో ఏజెన్సీ నుంచి యూనిఫాం గార్డులను దింపుదాం, ఎప్పటి నుంచో ఉన్న ముసలి వాచ్‌మన్‌ను తీసేద్దాం అంటున్నరు, లేట్ కమర్స్, ఫోన్లు, తొమ్మిది పది క్లాసుల మగపిల్లల అల్లరి అంతా గార్డులకే అప్పజెప్తే టీచర్లకు తలనొప్పి తగ్గుతదని వాళ్ళ లెక్క, ఒకాయనైతే బౌన్సర్లను పెడదాం అన్నడట. ఇదంతా కరెక్టేనా అని మీ డౌటు.

నేను ఆర్మీ నుంచి రిటైరయి వచ్చినంక హనుమకొండ, కాజీపేట, జనగామ వైపు స్కూళ్లల్ల ముందు గార్డుగ, తర్వాత సూపర్‌వైజర్‌గ చాన ఏండ్లు చేసిన. జవాబు ముందే చెప్త, తర్వాత ఎందుకో చెప్త. గార్డులను పెట్టుకోండి, మంచిదే. క్రమశిక్షణ మాత్రం వాళ్ళ చేతికి ఇయ్యకండి. ముసలాయనను అసలే తియ్యకండి.

చాన మందికి సెక్యూరిటీ అంటే దొంగలు రాకుండ చూసేటోడు అనే ఉంటది. స్కూల్ల దొంగతనం ఏముంటది మేడం, నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రొజెక్టర్లు. స్కూల్ల అసలు సొత్తు పిల్లలు. వాళ్ళు ఎవరితోని వచ్చిన్రు, ఎవరితోని పోయిన్రు, నడుమల ఎవడు లోపలికి వచ్చిండు, ఈ మూడు తెలిసుండుడే గార్డు పని, మిగతావన్ని దీని ఎనుకనే. ఇది తెల్వాలంటే ఆయనకు పిల్లల మొఖాలు తెల్వాలె, వాళ్ళ అమ్మానాయనల మొఖాలు తెల్వాలె, ఆటోవాళ్ళు తెల్వాలె. రెండు నెలలకోసారి మారే మనిషికి ఇది ఎట్ల తెలుస్తది?

ఒక స్కూల్ల జరిగింది చెప్త. మధ్యాహ్నం రెండు గంటలకు ఒకాయన బైక్ మీద వచ్చిండు, ఎనిమిదో తరగతి అమ్మాయి పేరు చెప్పిండు, సెక్షన్ కూడ చెప్పిండు, వాళ్ళ నానమ్మ చనిపోయింది, నేను మేనమామను, తొందరగ పంపియ్యండి అన్నడు. ఆఫీస్‌ల అమ్మాయి జాలిపడి పిలిపిస్తా అన్నది. గేటు దగ్గరున్న గార్డు మాత్రం ఆగమన్నడు. బైక్ మీద వచ్చినోడు తన ఫోన్‌ల నుంచి అమ్మాయి వాళ్ళ నాయనకు చేసి ఇస్తా అన్నా గార్డు తీసుకోలే, స్కూల్ రిజిస్టర్‌ల రాసి ఉన్న నంబర్‌కు ఆఫీస్ నుంచే చేయించిండు. వాళ్ళమ్మ ఎత్తింది, నానమ్మ ఇంట్లనే ఉన్నది, అన్నం తింటున్నది. ఫోన్ పెట్టేలోపల బైక్ మాయం. ఎవడో, ఏందో, పోలీసులకు చెప్పినం, అది వేరే సంగతి. ఆ గార్డు చదివింది ఐదో తరగతి. ఆయనకు ఒక్కటే నేర్పినం, వచ్చినోడు ఇచ్చే నంబర్ కాదు, మన రిజిస్టర్‌ల ఉన్న నంబరే నమ్మాలె అని. మీరు కూడ ఇదే రూల్ పెట్టండి. క్లాస్ టీచర్ సంతకం, మీ సంతకం ఉన్న ఔట్‌పాస్ లేంది ఎంత చుట్టమైనా పిల్లను బయటికి పంపొద్దు, అమ్మానాయన విడిపోయి ఉన్న పిల్లల విషయంల ఎవరు తీస్కపోవచ్చో అడ్మిషన్ టైంలనే రాయించుకొని గేటు దగ్గర పెట్టాలె. పిల్లను పక్కకు పిలిచి ఈయన ఎవరు బిడ్డా అని మెల్లగ అడగాలె, ఎక్కువసార్లు పిల్ల మొఖంల్నే జవాబు దొరుకుతది.

ఇగ లేట్ కమర్స్ సంగతి, దీని మీద నేను గట్టిగ చెప్త ఎందుకంటే దీన్ని అందరు చిన్నది అనుకుంటరు. తొమ్మిదింబావుకు గేటు మూసేసి లేటుగ వచ్చినోళ్ళను ఇంటికి పంపించుడు చాన స్కూళ్లల్ల నడుస్తది. ఆ పిల్లగాడు ఇంటికి పోతడా? పోడు, నాయన తిడతడు. ఇంట్లోళ్ళు స్కూల్ల ఉన్నడు అనుకుంటరు, స్కూలోళ్ళు ఇంట్ల ఉన్నడు అనుకుంటరు, సాయంత్రం నాలుగున్నర దాక వాడు ఎవరి లెక్కల లేడు. మన దిక్కు కాకతీయ కాలువ ఉన్నది, చెరువులున్నయి, క్వారీ గుంతలున్నయి, కాజీపేట దగ్గరైతే రైలు పట్టాలు. ఎండాకాలం ఒంటిపూట బడులప్పుడు ఈతకు పోయి చనిపోయిన పిల్లల వార్తలు ప్రతి ఏడు పేపర్ల చూస్తనే ఉంటం. అందుకే గేటు దాక వచ్చిన పిల్లను లోపలికే తీసుకోవాలె, ఎంత లేటైనా సరే, పేరు రాసుకోవాలె, పీఈటీ సార్ దగ్గరికో క్లాస్ టీచర్ దగ్గరికో పంపాలె, ఇంటికి ఫోన్ మీరు చేయించాలె. శిక్ష అనేది ఏమన్న ఉంటే లోపల టీచర్లు చూసుకుంటరు.

ఇంకోటి ఉన్నది, మీ స్కూల్ల లేకపోతే సంతోషం. ఫీజు కట్టని పిల్లలను గేటు దగ్గర ఆపించుడు. లిస్టు గార్డు చేతికిచ్చి పేర్లు చదివించి అందరి ముందట పక్కకు నిలబెట్టించుడు. ఆ పని గార్డుకు చెప్పొద్దు మేడం, ఎవరికీ చెప్పొద్దు. పద్నాలుగు పదిహేనేండ్ల పిల్లకు దోస్తుల ముందట ఆ అవమానం ఎట్లుంటదో మీకు తెలుసు. పైగా ఆ రోజు నుంచి ఆ పిల్ల గార్డును చూస్తే తల దించుకొని పోతది, రేపు ఎవడన్న బస్టాప్ దగ్గర ఎంబడి పడ్డా ఆయనకు చెప్పదు. గార్డు దగ్గరికి పిల్లలు వచ్చి చెప్పుకునుడు ఆగిపోయిందంటే మీరిచ్చే జీతంల సగం వేస్ట్ అయినట్టే.

ఎందుకంటే హైస్కూల్ వయసు వేరు. ఎల్‌కేజీ పిల్లలను చేయి పట్టుకొని అప్పజెప్తే అయిపోతది. ఎనిమిది తొమ్మిది పది క్లాసులోళ్ళు ఇంట్ల చెప్పరు, టీచర్లకు అసలే చెప్పరు, కాని గేటు దగ్గర మస్తు మాట్లాడుకుంటరు. గోడ దుంకి ఎవడు పోతున్నడు, బయట ఏ పోరగాండ్లు బండ్ల మీద వచ్చి ఆడపిల్లల కోసం ఆగుతున్నరు, ఏ కిరాణం కొట్టు కాడ పిల్లలు గుంపయితున్నరు, ఇవన్ని స్టాఫ్‌రూంలకు చేరేసరికి నెలయితది, గార్డుకు రెండో రోజే తెలుస్తది. స్కూల్ గోడకు 100 గజాల లోపల సిగరెట్, పొగాకు అమ్మొద్దని 2003 చట్టంలనే ఉన్నది, కాని ఆ డబ్బా ఎక్కడున్నదో, యూనిఫాం మీద ఉన్నోళ్ళకు అమ్ముతున్నడో లేదో మీకు చెప్పేటోడు గార్డే. గంజాయి కూడ ఇప్పుడు హైస్కూల్ దాక వచ్చింది, ఇది మూసిపెట్టే మాట కాదు. గార్డు వాళ్ళను పట్టుకొని కొట్టుడు కాదు, ఎవరు ఎవరితోని కలుస్తున్నరో మీకు చెప్పుడు, మీరు పోలీసులకు, తల్లిదండ్రులకు చెప్పుడు. గేటు ముందట బండ్ల మీద తిరిగేటోళ్ళయితే బండి నంబర్ రాసుకొని ఆడపిల్లల ఎంబడి పడేటోళ్ళను పట్టే పోలీసు షీ టీమ్స్‌కు చెప్తే చాలు, రెండు రోజులల్ల కనపడరు.

తొమ్మిదో తరగతి పిల్లగాడు నాయన బండి ఏసుకొని వస్తడు, గేటుకు ఇరవై అడుగుల అవతల పెట్టి నడిచి వస్తడు, ఎవరికి తెల్వదనుకుంటడు. మైనర్ బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ నుంచి తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో 25,000 జరిమానా, మూడేండ్ల దాక జైలు కూడ ఉండొచ్చు. ఈ ముక్క పేరెంట్స్ మీటింగ్‌ల మీరు చెప్పండి, బండ్ల నంబర్లు గార్డు రాసి ఇస్తడు.

ఆడపిల్లల విషయంల ఒకటి చెప్పాలె. మన ఊర్లల్ల ఇంకా పదో తరగతి పరీక్షలు కాంగనే పెండ్లి అనే ఇండ్లు ఉన్నయి, వరంగల్, మహబూబాబాద్, ములుగు వైపు అందరికి తెలిసిందే. రెండు మూడు రోజులు వరుసగ పిల్ల రాదు, ఆటో అతను "ఆ అమ్మాయి ఇంక రాదు అన్నా, సంబంధం కుదిరింది" అని గేటు కాడ మామూలుగ అనేస్తడు. క్లాస్ టీచర్ రిజిస్టర్‌ల మాత్రం ఆబ్సెంట్ అని ఉంటది, అంతే. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనిది పెండ్లి చెయ్యొద్దు. ఆ మాట అదే రోజు మీ దాక వస్తే చైల్డ్‌లైన్ నంబర్ 1098కి ఫోన్ చేసే టైం ఉంటది, పందిరి ఏసినంక తెలిస్తే ఏం లాభం. ఈ మాట మీకు చేరాలంటే గార్డు వచ్చి మీ రూంల నిలబడి చెప్పే ధైర్యం ఆయనకు ఉండాలె, అది మీరు ఇయ్యాలె. వారానికి ఒకసారి పది నిమిషాలు గార్డును, ఆయమ్మలను, బస్ డ్రైవర్లను కూసోబెట్టి ఈ వారం ఏం చూసిన్రు అని అడగండి. కుర్చీ ఏసి కూసోబెట్టండి, నిలబెట్టి కాదు. నేను చూసిన స్కూళ్లల్ల ఇది చేసిన ప్రిన్సిపాళ్ళు ఇద్దరో ముగ్గురో, ఆ స్కూళ్లల్ల లొల్లులు పెద్దగ కాకముందే తెగిపోయేటివి.

క్రమశిక్షణ ఎందుకు ఇయ్యొద్దో కూడ విడమరిచి చెప్త. గార్డు పిల్లగాని కాలర్ పట్టుకుంటడు, వాడు తిరగబడతడు, దోస్తులు వీడియో తీస్తరు, సాయంత్రానికి గ్రూపులల్ల తిరుగుతది. అప్పుడు ఉద్యోగం ఎవరిది పోతది? గార్డుదే, కొట్టమన్నోళ్ళది కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ల పిల్లలను కొట్టుడు, మనసు నొచ్చేటట్టు వేధించుడు నిషేధం, పద్నాలుగేండ్లు దాటినోళ్ళకు కూడ పిల్లల మీద క్రూరత్వానికి శిక్ష ఏసే జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉన్నది. టీచర్‌కే లేని అధికారం గార్డుకు ఎక్కడిది? బ్యాగు చెకింగ్ అవసరం పడితే టీచర్ చెయ్యాలె, ఆడపిల్లల బ్యాగయితే లేడీ టీచరే చెయ్యాలె, గార్డు పక్కన నిలబడితే చాలు. పిల్లలు కొట్టుకుంటుంటే మాత్రం నడుమల పోయి విడదియ్యాలె, అది ఆయన పనే, విడదీసినంక మీకు అప్పజెప్పాలె.

బౌన్సర్ల ముచ్చట. నల్ల టీషర్టులేసి ఆరడుగుల మనిషిని నిలబెడితే పేరెంట్స్‌కు గొప్పగ కనపడొచ్చు, పిల్లలకు బడి అనిపించదు. అమెరికాల చాన స్కూళ్లల్ల తుపాకులున్న పోలీసులనే పెట్టుకుంటరు. 2022 మే నెలల టెక్సాస్‌ల ఉవాల్డి అనే ఊర్ల స్కూల్ల కాల్పులైనప్పుడు 376 మంది పోలీసులు వచ్చినా 77 నిమిషాల దాక కాల్చేటోడు ఉన్న క్లాస్‌రూంలకు పోలేదు, 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన్రు. ఆయుధం, కండలు ఉన్నంత మాత్రాన కాదు, ఎవరు ఏం చెయ్యాలె, ఎవరి మాట వినాలె అనేది ముందే తెలిసి ఉండాలె. మనకు ఆ భయం లేదు, కాని ఆ డబ్బులతోని ఒక లేడీ గార్డును పెట్టండి, నిజంగ అవసరమున్నది అదే. ఆడపిల్లలు తమ ఇబ్బంది మగ గార్డుకు చెప్పరు. బాత్రూంల దిక్కు రౌండ్ కొట్టాలన్నా, ఎవరన్న కండ్లు తిరిగి పడితే పట్టుకోవాలన్నా ఆడమనిషి ఉండాలె.

ఏజెన్సీ విషయానికొస్తే, కొటేషన్ చూసి తక్కువకు వచ్చినోనికి ఇయ్యకండి. 2005ల వచ్చిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీకి రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉండాలె, కాపీ అడగండి, తేదీ చూడండి. గార్డుకు కేంద్రం నమూనా రూల్స్ ప్రకారం 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డ్, మొత్తం 160 గంటల ట్రైనింగ్ ఉండాలె. నిజం చెప్పాలంటే చాన చోట్ల సర్టిఫికెట్ ఉంటది, ట్రైనింగ్ ఉండదు, నిన్న ఏటీఎం కాడ నిలబడ్డోన్ని ఇయ్యాల మీ గేటు కాడ నిలబెడతరు. కాబట్టి మీరే ఒక రోజు పెట్టుకొని మీ స్కూల్ పద్ధతి నేర్పాలె. పోలీస్ వెరిఫికేషన్ మాత్రం తప్పించుకునే సంగతి కాదు, పిల్లల మీద లైంగిక దాడులకు శిక్ష ఏసే పోక్సో చట్టం 2020 రూల్స్‌ల పిల్లలతోని పనిచేసే ప్రతి ఒక్కరికి, టీచర్ అయినా కాకున్నా, పర్మనెంట్ అయినా కాంట్రాక్ట్ అయినా, వెరిఫికేషన్ చేయించాలె అని సంస్థ మీదనే పెట్టిన్రు. ఏజెన్సీ చేయించింది అని నోటిమాటగ అంటే ఒప్పుకోవద్దు, కాగితం ఫైల్ల ఉండాలె.

గార్డుకు పోక్సో గురించి తెలుగుల అర్థమయ్యేటట్టు చెప్పండి. పిల్లకు ఏదన్న జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పుడు 19వ సెక్షన్ కింద ఎవరికైనా బాధ్యత, గార్డుకు కూడ, మీకు కూడ. స్కూల్ పేరు పోతదని పెద్దమనుషులను కూసోబెట్టి మాట్లాడి ముగించుడు నేరం. 2022ల హైదరాబాద్ బంజారాహిల్స్‌ల ఒక స్కూల్ల ప్రిన్సిపాల్ కారు డ్రైవర్ చిన్నపిల్ల మీద అఘాయిత్యం చేసిండు, తర్వాతి ఏడు కోర్టు 20 ఏండ్ల జైలు ఏసింది. క్లాసులల్ల పని లేని డ్రైవర్ పిల్లల దగ్గరికి ఎట్ల పోగలిగిండు? ఎవరికి ఏ జాగ దాక పోయే అనుమతి ఉన్నదో రాసి పెట్టుకోకపోతే గేటు కాడ ఎంతమంది ఉన్నా ఇంతే. మగ గార్డు కూడ క్లాస్‌రూంలకు, ఆడపిల్లల బాత్రూంల దిక్కు పోవద్దు, ఆ రూల్ ఆయనకు కూడ రక్షణే.

ఎందుకంటున్న అంటే, ఏదన్న జరిగితే మొదటి చూపు తక్కువ జీతమోని మీదనే పడతది. 2017 సెప్టెంబర్‌ల గురుగ్రామ్‌ల ఒక ప్రైవేట్ స్కూల్ బాత్రూంల ఏడేండ్ల పిల్లగాన్ని చంపిన్రు, పోలీసులు బస్ కండక్టర్‌ను పట్టుకొని ఆయనే చేసిండు అన్నరు. కేసు సీబీఐకి పోయినంక అదే స్కూల్ల పదకొండో తరగతి చదివే అబ్బాయిని అదుపులకు తీసుకున్నరు, కండక్టర్‌ను కోర్టు వదిలేసింది. ఆయన, ఆయన కుటుంబం పడ్డ గోస ఎవరు తీరుస్తరు? విజిటర్స్ రిజిస్టర్ల టైంలు సరిగ్గ రాసుడు, డ్యూటీ జాగ రాసి ఉండుడు, కెమెరాలు పనిచేసుడు, ఇవన్ని పిల్లలకోసం ఎంతో, ఆ గరీబు మనిషి కోసం కూడ అంతే. కెమెరాలు ఉన్నయి గదా గార్డెందుకు అనేటోళ్ళకు ఒకటే చెప్త, కెమెరా జరిగినంక చూపిస్తది, జరుగుతుంటే అడ్డం పోదు.

తాళాల సంగతి మర్చిపోవద్దు. పిల్లలు గోడ దుంకుతున్నరని ఎనుక గేటుకు తాళమేసి చెవి ఆఫీస్ బీరువాల పెడతరు. 2004ల తమిళనాడు కుంభకోణంల స్కూల్ కాలి 94 మంది చిన్నపిల్లలు పోయిన్రు, కింద వంటింటి పాకకు అంటుకున్న మంట పైకి వచ్చింది, దిగేందుకు ఇరుకు మెట్లు తప్ప తొవ్వ లేకుండె. ఎనుక గేటు చెవి ఎప్పుడు గార్డు నడుముకే ఉండాలె, ఇంకోటి మీ దగ్గర, టర్మ్‌కోసారి బెల్ కొట్టి అందరిని గ్రౌండ్‌లకు దింపే డ్రిల్ చేయించాలె, గేటు తెరిచేది గార్డే కాబట్టి ఆయన లేకుండ ఆ డ్రిల్ చేస్తే లెక్కలకు రాదు.

సర్కారు బడుల గురించి ఎవరన్న అడుగుతరు కాబట్టి ఒక మాట. జెడ్పీ హైస్కూళ్లల్ల చాన చోట్ల వాచ్‌మన్ పోస్టే లేదు, ఉన్నా ఖాళీ, పొద్దుగాల వరండాల సీసాలు ఏరి పారేసి క్లాసులు మొదలుపెడతరు టీచర్లు. 2022ల మన ఊరు మన బడి అనే సర్కారు స్కీం కింద ప్రహరీ గోడలు కూడ లిస్టుల పెట్టిన్రు, గోడ కట్టుడు మంచిదే, దానికి మనిషి కూడ కావాలె. ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా బడులల్ల రాత్రంత ఒక్క వాచ్‌ఉమెన్ మీద అంతమంది ఆడపిల్లల భారం ఉంటది, ఆమెకు ఇంకొక తోడు ఇయ్యాలని అడిగేటోళ్ళు ఉంటే నా సంతకం కూడ పెడత.

జీతం గురించి మొహమాటం లేకుండ మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడండి. పన్నెండు గంటల డ్యూటీ, వారం సెలవు లేదు, ఏజెన్సీ కమీషన్ పోను చేతికొచ్చేది తక్కువ, పీఎఫ్, ఈఎస్‌ఐ కాగితం మీదనే. అట్లాంటి మనిషి దసరా బోనస్ కోసం చూసి దొరకకపోతే ఇంకోకాడికి పోతడు, మీకు మళ్ళ కొత్త మొఖం. అగ్రిమెంట్‌ల కనీసం ఒక అకడమిక్ ఇయర్ అదే మనిషిని ఉంచాలె, మార్చాలంటే మీకు పదిహేను రోజుల ముందు చెప్పాలె, కొత్తాయన పాతాయనతోని వారం కలిసి డ్యూటీ చెయ్యాలె అని రాయించండి. జీతం చీటీ ప్రతి నెల మీకు చూపియ్యాలె అని కూడ రాయించండి. గేటు కాడ నీడ, కుర్చీ, మంచినీళ్ళు, వానకు రెయిన్‌కోటు, పోయేందుకు బాత్రూం, ఇవి మీ చేతిల ఉన్నయి.

ఇగ మీ ముసలాయన. ఆయన వల్ల కానిది ఏందో మీరు చెప్పలే, మేనేజ్‌మెంట్‌కు యూనిఫాం కావాలె అంతేనేమో. అన్ని ఏండ్లు ఒక్క గేటు కాడ ఉన్న మనిషికి ఆ ఏడు వందల మందిల చాన మంది అక్కలు అన్నలు కూడ ఎరుకే, వాళ్ళ ఇండ్లు ఎరుకే, ఎవరి నాయన తాగి వస్తడో కూడ ఎరుకే. ఆ ఎరుక ఏ ఏజెన్సీ కొటేషన్‌ల దొరకదు. రాత్రి డ్యూటీ ఆయనకు ఒద్దు, వయసు మీద పడ్డది. ఏజెన్సీ నుంచి ఇద్దరిని తీసుకోండి, ఒకరిని రాత్రికి, ఒక లేడీ గార్డును పగటికి. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర, పిల్లలు వచ్చిపోయే టైంల ముసలాయన గేటు కాడనే ఉండాలె, నడుమల ఔట్‌పాస్‌లు ఆయన చూస్తనే పోవాలె. ఆయనకు కూడ ఒక యూనిఫాం కుట్టియ్యండి, మేనేజ్‌మెంట్ వాళ్ళ కోరిక కూడ తీరుతది. ఏజెన్సీ వాళ్ళు పంపిన అగ్రిమెంట్ ఉంటే పేర్లు, రేట్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏ లైన్ దగ్గర గట్టిగ మాట్లాడాలో చూసి చెప్త.